తెరమీది గురువు: గిటారు నేర్వగోరు వారికి కొన్ని మాటలు

నేటి బాలబాలికలలో గిటారు నేర్వవలెనను కోరిక మిక్కుటముగా నున్నది. మందిరములలో గాయకబృందము ప్రక్కను గిటారు కనబడుచున్నది. పాఠశాల వార్షికోత్సవములలో కనబడుచున్నది. ఫోను తెరచినచో అచ్చటను అదియే వినబడుచున్నది. ఈ కోరిక మంచిదే. చేతులకును చెవులకును ఒక్కసారి పని చెప్పు విద్యలు బాల్యమున ఎన్ని యున్నను అధికములు కావు. అయితే హైదరాబాదు నగరమునందువలె వీధికొక సంగీత పాఠశాల మన బాన్సువాడలో లేదు. వారమువారము బస్సెక్కి నిజామాబాదునకో కామారెడ్డికో పోయి పాఠము చెప్పించుకొని వచ్చుట అనేక కుటుంబములకు సాధ్యమగు పని కాదు. కావున ఇంటిలోని ఫోనే గురువగుచున్నది. ఆ తెరమీద గురువులు వేలకొలది గలరు. వారిలో ఎవరిని ఎన్నుకొనవలెనని పిల్లలును తల్లిదండ్రులును మమ్ము అడుగుచున్నారు. ఈ సంచికయందు మా అభిప్రాయమును విన్నవించుచున్నాము.

మా అభిప్రాయము రెండు మాటలలో ఇమిడియున్నది. మొదటి మాట: ఎవరు గొప్పగా వాయించుచున్నారో చూచి గురువు నెన్నుకొనకుడు; ఎవరి పాఠములు వరుసగా నున్నవో, ఏ వరుసను మీరు తుదిముట్ట నడువగలరో దానిని ఎన్నుకొనుడు. రెండవ మాట: తెరమీది గురువు చూపగలడు, చెప్పగలడు, మీ వాయింపును వినజాలడు. వినుటకై మీ దాపున నున్న మనుష్యు నొకరిని ఏర్పరచుకొనుడు. ఈ రెండును కుదిరినచో ఒక్క రూపాయి వ్యయము లేకయే మొదటి సంవత్సరపు విద్యను సంపాదింపవచ్చును. ఈ రెండును కుదరనియెడల ఎంత ధనము పోసినను గిటారు గోడమేకునకే వ్రేలాడును.

గురువు ఎదుట లేనిదే విద్య రాదని పెద్దలలో కొందరు చెప్పుదురు. వారి మాట త్రోసివేయదగినది కాదు. కాని దూరమునుండి నేర్చుట మన దేశమునకు నూతనమును కాదు. ద్రోణుని మట్టిప్రతిమ ముందర విలువిద్య నభ్యసించిన ఏకలవ్యుని కథ మీకందరికిని తెలిసినదే. ఆ కథలో మనము గురుభక్తిని చూచుచుందుము. గిటారు పట్టిన బాలుడు మరియొక సంగతిని చూడవలెను. బాణము తప్పినదని ఆ ప్రతిమ ఒక్కనాడును చెప్పలేదు. తగిలినదో తప్పినదో చెప్పినది ఎదుటనున్న గురియే. సంగీతమున అట్టి గురి కంటికి కనబడదు. తప్పును చెప్పవలసినది చెవి. మొదట నేర్చుకొనువాని చెవి ఇంకను పక్వము కాలేదు గదా! కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

మిషను పాఠశాలల చరిత్రలోను ఇట్టి దృష్టాంతము కలదు. ఇంగ్లండులోని నార్విచ్ పట్టణమున శారా గ్లోవర్ అను ఉపాధ్యాయిని పిల్లలకొరకు కల్పించిన పద్ధతిని జాన్ కర్వెన్ (1816–1880) సంస్కరించి టానిక్ సోల్ఫా అను పేరుతో వ్యాపింపజేసెను. మనము స, రి, గ, మ అని వ్రాసికొనునట్లే అక్షరములతో స్వరములను వ్రాయు పద్ధతి యది. కాగితముమీది ఆ అక్షరములు సముద్రములు దాటి ఆఫ్రికా మొదలగు ఖండముల మిషను పాఠశాలలకు చేరి, మహాసంగీతజ్ఞు లెవ్వరును అడుగిడని చోట్ల సైతము బృందగానమును నేర్పినవి. అది ఎట్లు సాధ్యమైనది? కాగితము దూరమునుండి వచ్చినను పాడువారు ఒకచోట గుమిగూడిరి. ఒకరి తప్పును మరియొకరు వినిరి.

మన తెలుగువారి దృష్టాంతము ఇంతకంటెను చక్కనిది. పాలకొల్లులో 1969వ సంవత్సరమున జన్మించిన ఉప్పలపు శ్రీనివాసు మాండొలినుమీద కర్ణాటక సంగీతమును వాయించి లోకప్రసిద్ధుడాయెను. ఆయనకు 1998లో పద్మశ్రీ బిరుదము లభించినది. 2014లో ఆయన స్వర్గస్థుడయ్యెను. ఆయనకు విద్య చెప్పిన రుద్రరాజు సుబ్బరాజుగారు గాయకులు. మాండొలిను వాదకులు కారు. గురువు పాడుచుండగా శిష్యుడు దానిని తంత్రులమీద పలికించెడివాడు. వ్రేలిని ఏ మెట్టుమీద నుంచవలెనో గురువు చూపలేదు. పలికినది సరియా కాదా యని మాత్రము విని చెప్పెను. మన తెరమీది గురువు సంగతి దీనికి సరిగా విపర్యయము. వ్రేలు ఎచ్చట నుంచవలెనో ఆతడు చక్కగా చూపును. పలికినది సరియా కాదా యని చెప్పడు. కావున ఇంటివద్ద పాటయెరిగి వినగలవారు ఒక్కరుండినచో, వారికి గిటారు రాకపోయినను, తెరమీది గురువునందలి కొరత చాలవరకు తీరును.

ఇక తెరమీద దొరకు పాఠముల రకములను విచారింతము. అవి నాలుగు విధములు.

మొదటివి విడి వీడియోలు. ఒక్కొక్కదానిలో ఒక్కొక్క పాట. ఇవి మిక్కిలి ఆకర్షకములు. ప్రారంభకునికి మిక్కిలి అపాయకరములును. నేడొక సినిమాపాట, రేపొక కీర్తన, ఎల్లుండి మరియొకటి చూచి, నెల గడచునప్పటికి పది పాటల మొదటి పాదములు మాత్రము వచ్చి ఏ పాటయు పూర్తిగా రానివారిని మేము అనేకులను చూచితిమి. మన ప్రక్కనున్న నిజాముసాగరమును తలచికొనుడు. 1923లో మొదలై 1931లో ముగిసిన ఆ కట్టడమునందు మంజీరానది నీరు ఎంత నిండియున్నను, కాలువయు తూమును వంతును లేనిచో చేను తడియదు. వీడియోలు జలాశయములోని నీరు, పాఠక్రమము కాలువ.

రెండవవి వరుసగా నేర్పు పాఠక్రమములు. ఇవియే ప్రారంభకునికి యోగ్యములని మా నిశ్చయము. ఆస్ట్రేలియా దేశపు టాస్మేనియా దీవియందు పుట్టిన జస్టిన్ సాండర్కో అను గిటారు ఉపాధ్యాయుడు 2003లో జస్టిన్ గిటార్ అను పేరుతో నెలకొల్పిన పాఠములు ఇందులకు ఉదాహరణము. ప్రారంభకుల పాఠములకు ఆయన రుసుము గొనుట లేదు. పాఠములు ఆంగ్లమున నున్నవి. తెలుగున చెప్పువారును నేడు అనేకులు కలరు. వారిలో వరుసయున్నవారిని వెదకుకొనవలెను.

మూడవవి యాప్‌లు. ఫిన్లాండు దేశమున పుట్టిన యూసీషియన్ వంటివి ఫోనులోని మైకుద్వారా మీ వాయింపును విని, స్వరము సరియా, కాలము సరియా యని చెప్పును. ఇది కొంత వినుటయే గాని పూర్ణమైన వినుట కాదు. మణికట్టు వంకరపోయినదని గాని, భుజము బిగిసినదని గాని, బొటనవ్రేలు గిటారు మెడను నలిపివేయుచున్నదని గాని ఆ యంత్రము కనిపెట్టజాలదు. మార్కులకొరకు ఆడు ఆటవలె నుండుటచేత పిల్లలకు మొదట ఉత్సాహము కలుగును. ఆట ముగిసిన పిమ్మట తెర చూడకుండ ఒక పాటయైనను వాయింపగలరా యని తల్లిదండ్రులు పరీక్షించుచుండవలెను.

నాలుగవది ఒక ఉపాధ్యాయుడు వీడియో కాలులో ప్రత్యక్షముగా చెప్పు పాఠము. ఇందు గురువు మిమ్ము చూచును, వినును. ధనము వెచ్చింపగలవారికి ఇది మేలైనదే. అయినను రెండు లోపములు తెలిసికొని చేరవలెను. ధ్వని అటునుండి ఇటు వచ్చుటకు కొంత ఆలస్యమగును గనుక గురుశిష్యులు ఏకకాలమున కలిసి వాయించుట కుదరదు. మరియు ఆ సాధనములు మాటలకొరకు ఏర్పడినవి; గిటారు నాదమును రొదగా నెంచి అణచివేయుట కలదు. జూము వంటివానిలో అసలు ధ్వనిని మార్పులేక పంపు ఏర్పాటు వేరుగా నున్నది. మొదటి దినముననే దానిని సరిచేయించుకొనవలెను.

ఇట్లు రకములను తెలిసికొన్న పిమ్మట, ఒక పాఠక్రమము మంచిదో కాదో కనుగొనుటకు కొన్ని పరీక్షలను సూచించుచున్నాము. వీనికి గిటారు వచ్చియుండనక్కర లేదు. తండ్రియైనను తల్లియైనను ఒక అరగంటలో చేయవచ్చును.

మొదటి పరీక్ష వరుస. పాఠములను చూడకముందే వాని పేర్ల పట్టికను చదువుడు. రెండవ పాఠము మొదటి పాఠమును ఉపయోగించుకొనుచున్నదా? మూడవది రెండవదానిని? మన వాచకములలో గుణింతములకు ముందు ఒత్తులు రావు గదా! అట్టి క్రమము ఇచ్చటను ఉండవలెను.

రెండవ పరీక్ష మొదటి పాఠము. అందు గిటారును ఒడిలో ఎట్లు నిలుపవలెనో, శ్రుతి ఎట్లు చేయవలెనో, ఎడమచేతి బొటనవ్రేలు ఎచ్చట నుండవలెనో, వ్రేలికొనను మెట్టునకు సరిగా వెనుకనే ఏల నొక్కవలెనో చెప్పవలెను. గిటారునకు ఆరు తీగలు. లావుతీగనుండి సన్నతీగ వరకు వాని పేర్లు ఇ, ఏ, డి, జి, బి, ఇ. శ్రుతి కుదరని గిటారుమీద ఎంత శ్రద్ధగా వాయించినను అపస్వరమే వచ్చును. పిల్లవాడు ఆ తప్పు తనదే యనుకొని దిగులుపడును. శ్రుతి చూచుటకు ఉచితమైన యాప్‌లు కలవు. శ్రుతి ప్రస్తావనయే లేక నేరుగా పాటలోనికి దూకు పాఠమును విడిచిపెట్టుడు.

మూడవ పరీక్ష చేతులు. గురువు ముఖముకంటె ఆయన రెండు చేతులును దగ్గరగా, నెమ్మదిగా కనబడవలెను. యూట్యూబునందు వీడియో వేగమును సగమునకో ముప్పాతికకో తగ్గించుకొను వీలు కలదని అనేకులు ఎరుగరు, దానిని వాడుకొనుడు.

నాలుగవ పరీక్ష ఇంటిపని. పాఠము ముగింపున చేయవలసిన పని చెప్పబడినదా? జస్టిన్ పాఠములలో ఒక అభ్యాసము కలదు: ఒక కార్డునుండి మరియొక కార్డునకు ఒక్క నిమిషములో ఎన్నిసార్లు మారగలిగితిరో లెక్కించి వ్రాసికొనవలెను. నేడు పదిసార్లు, వచ్చు వారము పదునెనిమిదిసార్లు అయినచో అభివృద్ధి కంటికి కనబడును. ఇట్టి కొలత యున్న పాఠము ఉపాధ్యాయుడు తయారుచేసినది. కొలతలేనిది చూచి ఆనందించుటకు తగినది.

అయిదవ పరీక్ష భాష. పిల్లవానికి ఆంగ్లము చక్కగా అర్థమగునెడల ఆంగ్లపాఠము తీసికొనవచ్చును. కాదేని తెలుగు పాఠమే మేలు, ఏలననగా, ఇంటిలోని పెద్దలును ప్రక్కను కూర్చుండి విని, “బొటనవ్రేలు వెనుక నుంచమనెను గదా నాయనా!” అని జ్ఞాపకము చేయగలరు.

లక్షలమంది చూచినారను సంఖ్యను ఈ పరీక్షలలో చేర్చలేదు. ఎందరు తలుపు తెరచిరో ఆ సంఖ్య చెప్పును. ఎందరు నేర్చిరో చెప్పదు.

మన పిల్లలలో పలువురు గిటారు నేర్వగోరుట మందిరములో పాటలకు సహకరించుటకే. అట్టివారికి ఒక ప్రత్యేకమైన మాట చెప్పవలసియున్నది. పాశ్చాత్య పాఠములు చాలవరకు కార్డులతో ఆరంభమగును. కార్డు అనగా మూడు గాని అంతకెక్కువ గాని స్వరములు ఒక్కసారి మ్రోగుట. నేటి నూతన గీతములకు ఇది సరిపోవును. కాని పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలగు కవులు రచించిన ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు రాగతాళములతో పుట్టినవి. పుస్తకము తెరచినచో కీర్తనకు పైని రాగము పేరును తాళము పేరును ముద్రింపబడియుండును. పాశ్చాత్య పాఠములలో నాలుగు లెక్కించి తీగలు మీటుట మొదట నేర్పుదురు. ఆదితాళమునకు ఎనిమిది అక్షరములు గనుక ఆ లెక్క దానితో సరిపడును. ఏడు అక్షరముల మిశ్రచాపు కీర్తనకు అదే లెక్కను పట్టించినచో పాట కుంటుపడును. పాడు వృద్ధులు ఒకచోటను, వాయించు బాలుడు ఒకచోటను నడచుచుండుటకు కారణము తరచుగా ఇదియే.

కావున కార్డులతోపాటు ఒంటి తీగమీద పాట పలికించుటయు నేర్పు పాఠక్రమమును ఎన్నుకొనుడు. అది దొరకనిచో ఈ చిన్న అభ్యాసమును మీరే చేర్చుకొనుడు. ఏదేని ఒక తీగను నొక్కక మీటి, దానిని షడ్జమనుకొనుడు. రెండవ మెట్టున రి, నాలుగవ మెట్టున గ, అయిదవ మెట్టున మ, ఏడవ మెట్టున ప, తొమ్మిదవ మెట్టున ద, పదునొకండవ మెట్టున ని, పండ్రెండవ మెట్టున పైషడ్జము పలుకును. ఇది శంకరాభరణపు ఆరోహణము. పాశ్చాత్యులు మేజరు స్కేలని పిలుచునది. నోటితో పాడుచు వ్రేలితో వెదకుడు. పది దినములలో మీకు తెలిసిన పాట మొదటి చరణమైనను తీగమీద దొరకును. అప్పుడు తెరమీది గురువు చూపు మెట్లు గుర్తులుగా గాక స్వరములుగా తోచును.

తల్లిదండ్రులారా! ధనవిషయమున మీకు కొన్ని మాటలు. పిల్లవాడు అడిగిన దినముననే సంవత్సరపు చందా కట్టకుడు. మొదటి వారము ఉచితమని చెప్పి, కార్డు నంబరు గైకొని, పిమ్మట ప్రతినెలయు తమంతట తామే సొమ్ము తీసికొను ఏర్పాట్లు కలవు. నిబంధనలు చదివి చేరుడు. ప్రారంభకునికి వలసిన విషయములు, అనగా కూర్చుండుట, శ్రుతి, ఏడెనిమిది కార్డులు, తాళము తప్పక మీటుట, ఇవి సొమ్మిచ్చి కొన్న పాఠములలో నెట్లున్నవో ఉచిత పాఠములలోను అట్లే యున్నవి. కూలిచేసి జీవించువారి బిడ్డ ఈ విషయమున ధనికుని బిడ్డకు తీసిపోవలసిన పని లేదు. సొమ్ముండినచో దానిని వాద్యముమీద పెట్టుడు. తీగలు మెట్లకు మిక్కిలి ఎత్తున నున్న చౌక గిటారు పిల్లల వ్రేళ్లను కోయును. నైలాను తీగలది ఉక్కుతీగల దానికంటె వ్రేళ్లకు మెత్తన. చిన్న చేతులకు ముప్పాతిక పరిమాణపు గిటార్లు దొరకును. ఏ వాద్యమునకైనను మొదటి వారములలో వ్రేలికొనలు నొచ్చును. చర్మము గట్టిపడిన పిమ్మట ఆ బాధ పోవును. ఈ సంగతి ముందే చెప్పినచో పిల్లలు బెదరరు. వీలైనచో మొదట ఎవరివద్దనైనను అరువు తెచ్చి ఆరంభింపజేయుడు.

కొంద రిట్లనవచ్చును: “చదువు చెడును, పాఠమను మిషతో పిల్లవాడు ఫోనుకు అంటుకొని పోవును.” ఈ భయము నిజమైనదే. దానికి మా ఉపాయ మిది. ఫోను నలుగురు తిరుగు గదిలో బల్లమీద నుండవలెను. అయిదు నిమిషములు పాఠము చూడవలెను. పిమ్మట ఫోనును పెద్దల చేతికిచ్చి పదునైదు నిమిషములు వాయింపవలెను. ఈ ఇరువది నిమిషములును వారమునకు ఆరు దినములు, పండ్రెండు వారములు సాగినచో మొత్తము 1440 నిమిషములు, అనగా సరిగా 24 గంటలు. ఒక్క దినపు కాలము! పరీక్షల చదువు దీనిచేత చెడదు. ఫోనులేకుండ వాయించు పదునైదు నిమిషములే విద్య యనియు, చూచు అయిదు నిమిషములు దానికి దారి మాత్రమే యనియు పిల్లవానికి తెలియవలెను. ఏ దినమున చూచుటయే జరిగి వాయించుట జరుగదో ఆ దినమును లెక్కలో చేర్చవలదు.

ఈ పండ్రెండు వారములలో గురువును మార్చకుడు. ఇది మా సలహాలలో కఠినమైనది, ముఖ్యమైనదియు నిదియే. నాలుగవ వారమున వ్రేళ్లు నొచ్చుచుండును, కార్డులు మారుటలో చిక్కుపడును. అప్పుడే ప్రక్కనున్న మరియొక వీడియో “ఏడు దినములలో గిటారు” అని పిలుచును. అచ్చటకు పోయినవాడు మరల మొదటి పాఠముననే పడును. సామాన్యమైన పాఠక్రమమును తుదివరకు నడచినవాడు, ఉత్తమమైన పది పాఠక్రమములను ఆరంభించి విడిచినవానికంటె ఎక్కువ నేర్చును. పండ్రెండు వారములైన పిమ్మట నచ్చనిచో మార్చవచ్చును. అప్పటికి మీకేమి కావలెనో మీకే తెలియును. తమ స్థితిని కొలిచికొన గోరువారికి లండనులోని ట్రినిటీ కళాశాల వంటి సంస్థల శ్రేణులు కలవు. ఆ కళాశాల 1877 నుండి బయటివారికి సంగీత పరీక్షలు జరుపుచున్నది. ప్రారంభ శ్రేణినుండి ఎనిమిదవ శ్రేణివరకు క్రమము గలదు. వాయింపును వీడియో తీసి పంపి పరీక్ష నిచ్చుటకును నేడు వీలున్నది. పరీక్ష కట్టకపోయినను ఆ శ్రేణుల వరుసను చూచినచో ఏది ముందో ఏది వెనుకో తెలియును.

ఇక వినువారి సంగతి. వారమునకొకసారి, ఒకే దినమున, ఒకే గంటకు, ఒకరిముందు వాయింపవలెను. ఆ యొకరు సంగీతవిద్వాంసులు కానక్కర లేదు. గాయకబృందములోని అక్కయ్య కావచ్చును. హార్మోనియము వాయించు పెద్దయ్య కావచ్చును. ఇంటిలో కీర్తనలు పాడు అవ్వ కావచ్చును. “నేను పాడుచుంటిని, నీవు వెనుకబడితివి” అని అవ్వ చెప్పిన మాట లక్షమంది చూచిన వీడియోలో దొరకదు. ఎవ్వరును దొరకని వారమున మీ వాయింపును ఫోనులో పట్టి, మరునాడు వినుడు. వాయించునప్పుడు చేతులకు పనియుండి చెవి మందగించును. మరునాడు చెవికి తీరిక దొరకి తప్పు తనంతట వినబడును.

ఈ సందర్భమున మా పాఠశాల పెద్దలకును సంఘపు పెద్దలకును ఒక మనవి చేయుచున్నాము. గిటారు ఉపాధ్యాయుని నియమింప మనకు శక్తి లేకపోవచ్చును. వారమునకొక గంట పాఠశాల వరండాను తెరచి యుంచుటకు శక్తి కావలసినది లేదు. శనివారము సాయంకాలమున నేర్చుకొనుచున్న పిల్లలందరును అచ్చట కూడి, ఒక్కొక్కరు ఆ వారము నేర్చినదానిని వాయింపవలెను, తక్కినవారు వినవలెను, కీర్తనలెరిగిన పెద్దలొకరు తాళము వేయవలెను. రెండు గిటార్లే యున్నను పదిమంది వంతులవారీగా వాయింపవచ్చును. గిటారు కొనలేని బిడ్డకును అచ్చట చోటు దొరకును. విడివిడిగా ఇండ్లలో తెరలముందర కూర్చున్న పిల్లలు అచ్చట ఒక బృందమగుదురు.

ఈ విషయమును ఇంత వివరముగా వ్రాయుటకు కారణము గిటారుమీద మమకారము మాత్రమే కాదు. క్రమములేని పాఠములను పట్టి రెండు నెలలు తంటాలుపడి విడిచిన పిల్లలు, పాఠము మంచిది కాదని చెప్పుకొనరు. “నాకు సంగీతము రాదు” అని చెప్పుకొందురు. పండ్రెండేండ్ల వయస్సున తనను గురించి తాను చెప్పుకొన్న అట్టి మాట అరువదేండ్లవరకు వెంటవచ్చుట కలదు. మందిరములో అందరును పాడుచుండగా పెదవులు మూసికొని నిలుచుండు పెద్దలను మీరు చూచియుందురు. వారిలో పలువురికి బాల్యముననే ఎవరో, లేక ఏదియో, ఆ మాట నేర్పియుండును. మన పిల్లల విషయమున అట్లు జరుగరాదు.

కావున విద్యార్థులారా! ఈ సెలవులలో గిటారు పట్టదలచినవారు మొదట ఒక అరగంట కూర్చుండి పైని చెప్పిన పరీక్షలతో ఒక్క పాఠక్రమమును ఎన్నుకొనుడు. దాని పేరును, ఆరంభించిన తేదీని, వినువారి పేరును ఒక కాగితముమీద వ్రాసి గోడకు అంటించుడు. పండ్రెండవ వారపు తేదీని క్రింద వ్రాయుడు. ఆ తేదీన మా యొద్దకు వచ్చి ఒక పాట వాయింపుడు. తప్పులు దొర్లినను వచ్చి వాయింపుడు. మేము కూర్చుండి విందుము.